చెత్త దులిపితేనే ట్రాక్టర్ డబ్బా దక్కుతుంది

యాసంగి వడ్లు కాంటా అయ్యాయి. గడ్డి వాములు వేయడం కూడా ముగిసింది. ఇక మృగశిర కార్తె దాకా ట్రాక్టర్ డబ్బాకు పెద్దగా పని ఉండదు. ఇంటి ముందు వేపచెట్టు కిందికి తోసి ఊరుకుంటాం. రైతు సోదరులారా, ఈ వారం ఒక పని చేయండి. ఆ డబ్బా వెనక డోరు తీసి లోపలికి ఎక్కండి. నాలుగు మూలలూ ఒకసారి చూడండి.

వరిగడ్డి, పెంట, చెరువు మట్టి, పగిలిన బస్తాలోంచి రాలిన యూరియా గుళికలు, పైనుంచి పడిన వేపాకు... అన్నీ కలిసి మూలన బెత్తెడు మందాన గట్టిపడి ఉంటాయి. వేలితో గుచ్చి చూడండి. రోహిణి ఎండలో కూడా పైపొర మాత్రమే ఎండి ఉంటుంది, లోపల చెమ్మ తగులుతుంది. ఆ చెత్తను పారతో ఎత్తితే కింద రేకు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. అక్కడికే మీ డబ్బా సగం పోయినట్టు లెక్క.

వానకు తడిసి డబ్బా పాడైందని మనం అనుకుంటాం. నిజానికి వాన ఒక్కటే చేసే నష్టం తక్కువ. ఇనుముకు తుప్పు పట్టాలంటే గాలి, నీరు రెండూ తగలాలి. వాన వెలిసి ఎండ వస్తే శుభ్రంగా ఉన్న రేకు గంటలో ఆరిపోతుంది. చెత్త కింద రేకు మాత్రం వారం రోజులైనా ఆరదు. పుండుకు తడిగుడ్డ కట్టి విప్పకుండా వదిలేసినట్టే. పైగా తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు కలిసిన చోట లోపల తుప్పు పుడితే అది ఉబ్బి, రేకులను విడదీసి, వెల్డింగ్ టాకాలను కూడా తెంపుతుంది. అప్పుడు ఇంకాస్త నీరు, ఇంకాస్త మట్టి లోపలికి చేరతాయి.

ఎరువు బస్తాలతోనే అసలు ముప్పు

ఒక్కో ప్రాంతంలో డబ్బాకు ఒక్కో శత్రువు. జనగామ వైపు మెట్ట పొలాలకు చెరువు మట్టి తోలుకోవడం పాత అలవాటే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడికమట్టి తోలకం మరింత పెరిగింది. పూడికమట్టి మెత్తటి బంక. సందుల్లో దూరితే మైనంలా పట్టుకుంటుంది, నీటిని వదలదు. భూపాలపల్లి వైపు డబ్బాలు బొగ్గు, ఇసుక, చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం బూడిద మోస్తాయి. బొగ్గులో గంధకం ఉంటుంది. తడిసిన బొగ్గుపొడి రేకుకు అంటుకుని ఉంటే మామూలు మట్టి కంటే తొందరగా తినేస్తుంది. ఇసుక తోలే డబ్బాల సంగతి ఇంకో రకం. నేల రేకు గీసుకుపోయి అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసి తుప్పు లేదని మురిసిపోతాం. అంచుల్లో, యాంగిల్ కింద ఏం జరుగుతోందో చూడం.

మహబూబాబాద్ వైపు మిర్చి, వరి, పత్తి రైతులకు ఎరువుల బెడద ఎక్కువ. గాలిలో తేమ 70-75 శాతం దాటితే యూరియా దానంతటదే నీరు పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో తెల్లవారుజామున మన దగ్గర ఆ మాత్రం తేమ ఉండనే ఉంటుంది. అంటే వాన పడకపోయినా మూలన ఉన్న యూరియా తడిగానే ఉంటుందన్నమాట. పొటాష్ ఇంకా చెడ్డది. మనం చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, వంటింట్లో ఉప్పు ఒకే జాతివి, రెండింటిలోనూ క్లోరైడ్ ఉంటుంది. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చిమ్మి అక్కడి లారీల అడుగుభాగాలు కొన్నేళ్లకే జల్లెడ అవుతాయి. మన దగ్గర మంచు లేదు గానీ, పొటాష్ బస్తా చినిగితే అదే పని మన డబ్బాలో జరుగుతుంది. పశువుల పెంట, కోళ్ల ఎరువు కూడా తక్కువేం కాదు. వాటిలో తడీ ఉంటుంది, అమ్మోనియా, లవణాలు కూడా ఉంటాయి.

ఇక్కడ డబ్బా కంటే విలువైన మాట ఒకటి చెప్పాలి. యూరియా రాలిన డబ్బాను కడిగిన నీళ్లు గుంటలో నిలిస్తే పశువులు తాగుతాయి. ఉప్పగా ఉంటే మూలల్లో నాకుతాయి కూడా. యూరియా పశువుకు విషం. నోట నురగ, కడుపు ఉబ్బరం, వణుకు మొదలై చూస్తుండగానే ప్రాణం పోవచ్చు. కనుక దొడ్డి దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, చెరువు కట్ట మీద డబ్బా కడగవద్దు. పొలం గట్టు మీద పెట్టి, ఆ నీళ్లు మడిలోకి పారేలా కడగండి. పశువు అలాంటి నీళ్లు తాగిందని అనుమానం వస్తే సొంత వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే పశువుల డాక్టరుకు కబురు పెట్టండి.

ముందు పొడి ఊడ్పు, తర్వాతే నీళ్లు

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, డబ్బాను నేరుగా మోటారు దగ్గరికి తీసుకెళ్లి పైపు పెట్టేస్తారు. అలా చేస్తే మూలన ఉన్న ఎరువు కరిగి, పలచటి ద్రావణమై, చీపురు చేరని సందుల్లోకి దిగుతుంది. కడిగామన్న తృప్తి మిగులుతుంది, తుప్పు మాత్రం మరింత లోపలికి పోతుంది. కాబట్టి ముందు పొడిగా ఊడవాలి. గట్టిపడిన చెత్తను మొద్దుబారిన ఖుర్పీతో గానీ, చెక్కముక్కతో గానీ గీకండి. గడ్డపారతో పొడిస్తే ఉన్న రంగు కూడా పోతుంది. డోరు కీళ్ల దగ్గర, హుక్కుల వెనక, పక్క రేకు నేల రేకు కలిసే అంచు పొడవునా పాత స్క్రూడ్రైవర్‌తో లాగండి. నేలకు నీళ్లు పోయే రంధ్రాలుంటే అవి పూడిపోయి ఉంటాయి, సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. రంధ్రాలు లేని డబ్బా అయితే వెనక మూలల్లో రెండు వేయించండి. వేసిన చోట పచ్చి ఇనుము కనబడుతుంది, అక్కడ రంగు తప్పనిసరి.

ఊడ్చిన తర్వాత మంచినీళ్లతో కడగండి. లోపల కంటే కింద ఎక్కువ సేపు కడగాలి. డబ్బా అడుగున అడ్డంగా ఉండే ఛానళ్ల అంచుల మీద చక్రాలు చిమ్మిన మట్టి పేరుకుని ఉంటుంది. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్‌తో కొట్టిస్తే మంచిదే. కానీ చక్రాల బేరింగుల మీద, లైట్ల వైర్ల మీద నేరుగా కొట్టనివ్వకండి. కడిగిన తర్వాత పిన్నులకు, కీళ్లకు గ్రీజు పెట్టాలి.

కిందికి దూరే ముందు ఒక్క జాగ్రత్త. టిప్పింగ్ డబ్బాను జాకీ మీద లేపి, ఆ నమ్మకంతో దాని కిందికి తల పెట్టకండి. ఆయిల్ పైపు పగిలినా, ఎవరైనా లివర్ తగిలించినా డబ్బా రెప్పపాటులో దిగిపోతుంది. లేపిన డబ్బాకు, ఛాసిస్‌కు మధ్య బలమైన ఊతం పెట్టాకే కిందికి వెళ్లాలి. ఒంటి డబ్బాను ట్రాక్టర్ నుంచి విడదీస్తే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. డబ్బా పోతే మళ్లీ కట్టించుకోవచ్చు.

వరద మునక డబ్బాలకు

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. అలాంటి వరదలో మునిగిన ట్రాలీని పైపైన కడిగి వాడుకుంటే సరిపోదు. వరద నీరు తెచ్చే ఒండ్రు మట్టి బోలుగా ఉండే పైపుల్లోకి, ఛానళ్ల మడతల్లోకి చేరుతుంది. ఆరితే సిమెంటులా బిగుస్తుంది. వరద తీయగానే, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే కడగాలి. చక్రాల బేరింగులు విప్పించి పాత గ్రీజు తీసి కొత్తది నింపాలి. అప్పుడు చేయలేకపోయినవారు ఇప్పుడైనా డబ్బా అడుగున సుత్తెతో తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగున మోగుతుంది. తుప్పు తిన్న చోట డొల్లు శబ్దం వస్తుంది, మట్టి రాలుతుంది.

గీకడంలో సగం, రంగులో సగం

కడిగిన డబ్బాను ఒక రోజంతా ఎండబెట్టండి. తర్వాత తుప్పు పని. ఊడే పెచ్చులను సుత్తెతో తట్టి రాల్చండి. మిగిలినదాన్ని ఇనుప బ్రష్‌తో గీకి, గరుకు పేపర్‌తో రుద్దండి. వెల్డింగ్ షాపులో గ్రైండర్‌కు ఇనుప తీగల చక్రం బిగించి రుద్దితే పూట పని గంటలో అవుతుంది. కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకండి, తీగముక్కలు ఊడి కంట్లో పడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాతకాలపు రంగుల్లో, ముఖ్యంగా సిందూరం కలిపిన ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండేది. ఆ దుమ్ము పిల్లలకు మరీ హానికరం. ఇంటి అరుగు ముందు కాక దూరంగా పెట్టి గీకండి.

ఎంత గీకినా గుంటల్లో కొంత తుప్పు మిగులుతుంది. దానికి రస్ట్ కన్వర్టర్ అనే మందు పెయింటు షాపుల్లో దొరుకుతుంది. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం, కొన్నింటిలో టానిన్ ఉంటాయి. టానిన్ అంటే కొత్తదేమీ కాదు, మన అడవి కరక్కాయలోని వగరే అది. కలంకారీ పనివాళ్లు కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన ద్రావణం రాస్తే నల్లరంగు తేలుతుంది. మందు రాసిన తుప్పు నల్లబడటం వెనక ఉన్నదీ ఆ సంగతే. అలాగని ఇంట్లో కరక్కాయ కషాయం కాచి డబ్బాకు రాస్తే పని జరుగుతుందని కాదు. షాపు మందైనా ఊడే పెచ్చుల మీద రాస్తే డబ్బు దండగ. గట్టిగా పట్టుకున్న పలచటి తుప్పు మీదే అది పనిచేస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి.

రంగు వేసే ముందు జిడ్డు పోవాలి. చాలామంది డీజిల్ గుడ్డతో తుడుస్తారు. డీజిల్ గ్రీజును వదిలిస్తుంది నిజమే, కానీ తన జిడ్డును వదిలిపోతుంది. దాని మీద రంగు నిలవదు. డీజిల్ వాడితే తర్వాత సబ్బుపొడి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేదా టిన్నర్ గుడ్డతో తుడవాలి. శుభ్రం చేసిన ఇనుమును రాత్రి మంచుకు వదలొద్దు. తెల్లారేసరికి మళ్లీ పసుపు పూత పడుతుంది. ఆ రోజే మొదటి పూత రెడ్ ఆక్సైడ్ పడాలి, ఆరిన తర్వాత రెండోది. రెడ్ ఆక్సైడ్ వేసి ‘ఇక చాలు’ అని ఆపేవాళ్లున్నారు. ఆ పూతకు సన్నని రంధ్రాలుంటాయి, నీళ్లు పీలుస్తుంది. దాని మీద ఎనామిల్ రెండు పూతలు పడితేనే రక్షణ. అడుగుభాగానికి ఎనామిల్ బదులు నల్ల తారు పెయింటు వేయొచ్చు, చవక కూడా.

రోహిణి ఎండ రుద్దడానికి, ఆరబెట్టడానికి మంచిది గానీ మిట్టమధ్యాహ్నం రంగు వేయడానికి పనికిరాదు. రేకు పెనంలా కాలుతుంటే పూత పట్టుకోకముందే పైన ఎండి బొబ్బలు లేస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు వేయండి, లేదా సాయంత్రం నీడ పడ్డాక వేసి పైన పరదా కప్పండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. డబ్బా లోపలి నేలకు ఏ రంగూ ఎక్కువ కాలం నిలవదు. పార గీతలు, ఇసుక రాపిడి, బస్తాల ఈడ్పు దాన్ని ఒక సీజన్‌లోనే తినేస్తాయి. చేతిలో ఉన్నది కొద్ది డబ్బులే అయితే వాటిని అడుగుభాగానికి, అంచులకు, కీళ్లకు పెట్టండి. నేలను కాపాడేది రంగు కాదు, చీపురు.

కాలిన ఆయిల్ పూసుకోవచ్చా

ఇంజన్ నుంచి దింపిన కాలిన ఆయిల్‌ను డబ్బాకు పూయడం మన ఊళ్లలో పాత పద్ధతి. కొంత కాలం నీటిని ఆపుతుంది, కాదనలేం. కానీ దుమ్మును కూడా పట్టుకుంటుంది, ఏడాదికి అది మళ్లీ బంకచెత్త అవుతుంది. ఆ ఆయిల్‌లో ఆమ్లాలు, లోహాల పొడి ఉంటాయి. లోపల మాత్రం పూయనే వద్దు. పత్తికి నల్ల మరక పడితే, మిర్చికి ఆయిల్ వాసన పడితే ఎనుమాముల యార్డులోనైనా కేసముద్రం మార్కెట్లోనైనా వ్యాపారి ఊరుకోడు. తినే వడ్లకు అంటడం అంతకన్నా తప్పు. కీళ్లకు, పిన్నులకు మంచి గ్రీజే పెట్టండి.

మాసిక వేయించేటప్పుడు

రేకు చిల్లు పడితే మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. మా పాత డబ్బా నేలకు ఒక మూల అరచేయంత చిల్లు పడింది. షాపుకు తీసుకెళితే పైన కొత్త రేకు పరిచి నాలుగు టాకాలు వేసి పంపారు. పని తొందరగా అయింది, ఖర్చు తక్కువైందని సంతోషించాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి కొత్త రేకు, పాత రేకు మధ్య నీళ్లు నిలిచి ఈసారి తట్టంత మేర ఊడిపోయింది. ఎరువు బస్తా ఒకటి సగం రోడ్డు మీద కారిపోయాక గానీ మేం చూడలేదు. తప్పు షాపు వాళ్లది ఎంతో, పక్కన నిలబడి అడగని మాది అంతే.

కనుక తుప్పు మీద మాసిక వేయనివ్వకండి. గట్టి ఇనుము తగిలేదాకా పాతది కోయించి, అదే మందం రేకు పెట్టి అంచు పొడవునా పూర్తి వెల్డింగ్ చేయించండి. గేజి అంకె పెరిగే కొద్దీ రేకు పలచబడుతుందని గుర్తుంచుకోండి. పది గేజి రేకు 3.25 మిల్లీమీటర్ల మందం, పద్నాలుగు గేజి రెండు మిల్లీమీటర్లే. నేలకు పద్నాలుగు గేజి వేస్తే రెండేళ్లకు మళ్లీ అదే షాపు. వెల్డింగ్ వేడికి కింది వైపు రంగు కాలిపోతుంది. ఆ మచ్చను అక్కడే గీకించి రెడ్ ఆక్సైడ్ వేయించాకే ఇంటికి తోలండి.

సెకండ్ హ్యాండ్ డబ్బా గానీ, పాత టాటా ఏస్, డీసీఎం లాంటి బండి గానీ కొనే ఆలోచన ఉంటే కొత్త రంగు చూసి మోసపోకండి. అమ్మేముందు రంగు కొట్టించడం అందరికీ తెలిసిన విద్యే. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. రంగు కింద లాంబీ పూసి కప్పిపెట్టిన చోట అది అంటుకోదు. నేల మీద రబ్బరు మ్యాట్ ఉంటే ఎత్తి చూపమనండి.

అన్నింటికంటే ముఖ్యంగా చూడాల్సింది డబ్బా ముందు కొక్కెం, దాని వెల్డింగ్. నేల చిల్లు పడితే బస్తా పోతుంది. కొక్కెం దగ్గర వెల్డింగ్ తుప్పు తిని తెగితే డబ్బా రోడ్డు మీద విడిపోతుంది. చట్టం ఒప్పుకోకపోయినా మిర్చి ఏరడానికి కూలీలను, జాతరకు ఇంటిల్లిపాదినీ అందులోనే ఎక్కించుకుపోతున్నాం. ఆ ప్రయాణమే వద్దు. సరుకు తోలడానికైనా ఏటా ఒకసారి కొక్కెం చుట్టూ మట్టి గీకి, వెల్డింగ్ పొడవునా సన్నని పగులు గీత ఉందేమో చూడండి. గీత కనబడితే రంగుతో కప్పకండి, మళ్లీ వెల్డింగ్ చేయించేదాకా లోడు ఎత్తకండి.

డబ్బా నిలిపే తీరు

ఖాళీ డబ్బాను ముందు భాగం కాస్త ఎత్తుగా, వెనక డోరు తీసి నిలపండి, నీళ్లు వాటంతటవే జారిపోతాయి. పరదా కప్పితే గాలి ఆడేలా కప్పండి. బిగించి కడితే లోపల చెమ్మ పట్టి కప్పనిదే మేలనిపిస్తుంది. తడి గోనెసంచులు లోపల వదిలేయకండి. ఎరువు తెచ్చే రోజు నేలమీద పాత టార్పాలిన్ పరిచి దాని మీద బస్తాలు వేయండి. రాలిన గుళికలు దులిపితే పొలానికే పోతాయి. వేపచెట్టు నీడ మంచిదే, ఆకురాల్చే కాలంలో మాత్రం చీపురు డబ్బాలోనే పెట్టుకోండి. పెంట గానీ, ఎరువు గానీ దింపిన రోజు పొద్దుగూకేలోపు ఒకసారి ఊడవండి. వానాకాలంలో అయితే మర్నాటికి వాయిదా వేయొద్దు.